పాలిటెక్నిక్‌కా, విశ్వవిద్యాలయానికా? విమానాశ్రయ ప్రాంతపు విద్యార్థి ముందున్న దారులు

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే జాతీయ రహదారిపై ఆరాంఘర్ చౌరస్తా దాటాక, శంషాబాద్ చేరకముందే వచ్చే సాతంరాయి, దాని చుట్టుపక్కల గ్రామాలు గత రెండు దశాబ్దాల్లో చూసినంత మార్పును అంతకుముందు తరాలవారు చూడలేదు. 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల విస్తీర్ణంలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. మరుసటి ఏడాది మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు శంషాబాద్‌ను ఒకవైపు గచ్చిబౌలితోనూ మరోవైపు ఆదిభట్లతోనూ కలిపింది. విమానాల మరమ్మతు కేంద్రాలు, సరుకు రవాణా గిడ్డంగులు, విడిభాగాల కర్మాగారాలు, హోటళ్లు ఈ దారుల వెంటే వెలిశాయి. ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల ప్రధాన దేహభాగాలు తయారవుతుండగా, శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలో ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్ సంస్థ విమాన ఇంజిన్ల విడిభాగాలను తయారుచేస్తోంది.

ఇలాంటి చోట్ల ఇంజనీరింగ్ పట్టభద్రులు అవసరమే గాని, వారి కన్నా ఎక్కువ సంఖ్యలో కావలసినవారు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, సీఎన్‌సీ యంత్రాలను నడిపేవారు, తయారైన భాగాల కొలతలు తనిఖీ చేసేవారు, గిడ్డంగిలో వచ్చిపోయే సరుకు లెక్క చూసేవారు. అంటే ఇంటికి పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉద్యోగాల్లో ఎక్కువ భాగం రెండు మూడేళ్ల వృత్తి విద్యతో అందుకోగలిగినవే. అయినా పదో తరగతి పూర్తయిన పిల్లలున్న ఇంట్లో సాధారణంగా వినిపించే మాట ఇంటర్‌లో ఎంపీసీ, ఆ తర్వాత ఎక్కడో ఒకచోట బీటెక్ అనేదే. పాలిటెక్నిక్, ఐటీఐ, మామూలు డిగ్రీ కళాశాల అనే పేర్లు ర్యాంకు రానప్పుడు మాత్రమే, అదీ కాస్త తలవంపుతో ప్రస్తావనకు వస్తాయి. ఈ తలవంపుకు ఆధారం లేదు. చిన్న సంస్థలో చేరడం తప్పు కాదు, పెద్ద సంస్థలో చేరడం గొప్పా కాదు; చేరిన సంస్థ నుంచి పై మెట్టుకు దారి ఉందా, ఆ దారి నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉందా అన్నదే ఈ ఎంపికలో అసలు తేల్చుకోవలసిన విషయం.

ఈ ప్రశ్నను అమెరికా సమాజం నూరేళ్లకు పైగా మరో రూపంలో ఎదుర్కొంటోంది. అక్కడ పన్నెండో తరగతి ముగించిన విద్యార్థి నేరుగా నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. లేదా ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, అక్కడ సంపాదించిన క్రెడిట్లతో, అంటే చదివిన ప్రతి విషయానికి బోధన గంటలను బట్టి లెక్కగట్టే కొలమానాలతో, విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి మారవచ్చు. ఈ రకం సంస్థల్లో మొదటి ప్రభుత్వ కళాశాల 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్ పట్టణంలో పుట్టింది. స్థానిక ఉన్నత పాఠశాల అధిపతి స్టాన్లీ బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ కలిసి దాన్ని రూపొందించారు. పుట్టుకలోనే ఒక విశ్వవిద్యాలయాధిపతి చేయి ఉండటం గమనించదగినది. చిన్న కళాశాలలో చదివిన రెండేళ్లను పెద్ద విశ్వవిద్యాలయం తన లెక్కలో వేసుకుంటుందన్న ఒప్పందమే ఆ వ్యవస్థకు ప్రాణం.

ఆ ఒప్పందం బలంగా ఉన్నచోట కమ్యూనిటీ కాలేజీ పేద, మధ్యతరగతి కుటుంబాలకు ఎంతో మేలు చేసింది. కాలిఫోర్నియా రాష్ట్ర నివాసులు కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో యూనిట్‌కు 46 డాలర్లు చెల్లిస్తారు గనుక, రెండేళ్ల చదువుకు సరిపడే 60 యూనిట్లకు బోధన రుసుము 2,760 డాలర్లతో ముగుస్తుంది; నిర్ణీత విషయాలు, నిర్ణీత మార్కులు సాధించినవారికి డేవిస్, అర్వైన్ వంటి ఆరు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రాంగణాలు ప్రవేశానికి ముందుగానే హామీ ఇస్తాయి. కానీ దేశమంతటి లెక్క అంత ఆశాజనకంగా లేదు. కమ్యూనిటీ కాలేజీలో చేరేవారిలో 80 శాతం దాకా ఎప్పటికైనా నాలుగేళ్ల పట్టా అందుకోవాలని అనుకుంటే, విశ్వవిద్యాలయానికి మారగలిగేవారు దాదాపు మూడో వంతు. ఆరేళ్లలో పట్టా చేతికి వచ్చేవారు నూటికి 16 మంది. చదివిన విషయాలు అవతలి విశ్వవిద్యాలయం లెక్కలో చేరకపోవడం, ఏ విషయాలు ఎంచుకోవాలో మొదటి ఏడాదే చెప్పేవారు లేకపోవడం, ఉద్యోగం చేస్తూ చదవవలసి రావడం ఇందుకు ముఖ్య కారణాలు. దారి ఉండటం ఒక ఎత్తు, ఆ దారి గురించి మొదటి రోజే తెలిసి ఉండటం మరో ఎత్తు అని ఈ అంకెలు చెబుతున్నాయి.

భారతదేశంలో కమ్యూనిటీ కాలేజీ అనే పేరు 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ద్వారా ప్రవేశించింది. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అదే పేరుతో ఒక పథకాన్ని తెచ్చి, కొన్ని కళాశాలల్లో వృత్తి డిప్లొమాలకు సహాయం చేసింది. తెలుగు నేలపై ఆ పేరు పెద్దగా నాటుకోలేదు. అయితే కమ్యూనిటీ కాలేజీ చేసే పనిని తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా వేరే పేరుతో చేస్తున్న సంస్థ ఉంది, అది పాలిటెక్నిక్.

పాలిటెక్నిక్ అంటే పదో తరగతి తర్వాత మూడేళ్లపాటు ఇంజనీరింగ్‌లో ఒక శాఖను నేర్పి డిప్లొమా ఇచ్చే కళాశాల. తెలంగాణలో దీని పాఠ్యప్రణాళిక, పరీక్షలు, ధ్రువపత్రాలు అన్నీ సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఆధ్వర్యంలో జరుగుతాయి. ప్రవేశానికి ఏటా పాలిసెట్ అనే పరీక్ష ఉంటుంది. ఇంజనీరింగ్ డిప్లొమాలకు గణితంలో 60, భౌతిక శాస్త్రంలో 30, రసాయన శాస్త్రంలో 30 చొప్పున 120 మార్కులకు, పదో తరగతి స్థాయిలోనే ప్రశ్నలు వస్తాయి. సాతంరాయి, గగన్‌పహాడ్, శంషాబాద్ ప్రాంతపు విద్యార్థులకు బస్సులో వెళ్లి రాగలిగిన దూరంలో మాసబ్ ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్, పాతబస్తీలోని కులీ కుతుబ్ షా ప్రభుత్వ పాలిటెక్నిక్, అమ్మాయిల కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలోని కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఉన్నాయి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది రుసుము కొన్ని వేల రూపాయలను మించదు.

డిప్లొమా చేతికి వచ్చాక రెండు దారులు తెరుచుకుంటాయి. మొదటిది ఉద్యోగం. రైల్వే జూనియర్ ఇంజనీరు, రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో అసిస్టెంట్ ఇంజనీరు, విద్యుత్ సంస్థల్లో సబ్ ఇంజనీరు పోస్టులకు డిప్లొమా అర్హతగా సరిపోతుంది. ప్రైవేటు కర్మాగారాల్లో సూపర్‌వైజరు, నాణ్యత తనిఖీ ఉద్యోగాలకు చాలాచోట్ల డిప్లొమా ఉన్నవారినే కోరుకుంటారు. రెండోది ఈసెట్. డిప్లొమా పూర్తిచేసినవారిని బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేర్చుకునే ఏర్పాటును లేటరల్ ఎంట్రీ అంటారు. ఆ ప్రవేశానికి జరిగే 200 మార్కుల పరీక్షే ఈసెట్. అందులో సగం మార్కులు, అంటే 100, విద్యార్థి డిప్లొమాలో చదివిన ఇంజనీరింగ్ శాఖ నుంచే వస్తాయి. మిగిలిన సగంలో గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 25. ఈ మార్గం గురించి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మొదటి లెక్క చాలా చిన్నది. పదో తరగతి తర్వాత రెండేళ్లు ఇంటర్, నాలుగేళ్లు బీటెక్ చదివితే ఆరేళ్లు. మూడేళ్లు డిప్లొమా, రెండో ఏడాది నుంచి మూడేళ్లు బీటెక్ చదివినా ఆరేళ్లే. ఒక్క ఏడాది కూడా పోదు. పైగా మూడో ఏడాది చివర చేతిలో ఉద్యోగార్హత గల ఒక ధ్రువపత్రం ఉంటుంది. ఇంటి పరిస్థితి తలకిందులై బీటెక్ మధ్యలో ఆగిపోయినా ఆ విద్యార్థి కేవలం ఇంటర్ పాసైనవారిగా మిగిలిపోరు.

పోటీ విషయంలోనూ తేడా ఉంది. ఇంటర్ తర్వాత రాసే ఈఏపీసెట్ ఇంజనీరింగ్ విభాగానికి రెండు లక్షలకు పైగా విద్యార్థులు దరఖాస్తు చేస్తుంటే, ఈసెట్ రాసేవారు 20 వేల చుట్టూ ఉంటారు. అయితే ఈసెట్ ద్వారా భర్తీ చేసే సీట్లు కూడా పరిమితమే. మంచి పేరున్న కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ వంటి శాఖలకు గట్టి పోటీ ఉంటుంది. డిప్లొమాలో ఏ శాఖ చదివారన్నదాన్ని బట్టే బీటెక్‌లో ఏయే శాఖలకు అర్హత అన్నది నిర్ణయమవుతుంది గనుక, సివిల్ డిప్లొమా చదివి, తీరా చివర్లో కంప్యూటర్లవైపు వెళ్లాలనుకునేవారికి ఆ తలుపు సులువుగా తెరుచుకోదు.

పాలిటెక్నిక్‌ను పొగిడేవారు తరచు దాటవేసే లోపాలను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మొదటిది వయస్సు. పదిహేనేళ్ల పిల్లవాడు మెకానికలా, ఎలక్ట్రికలా, సివిలా అని తేల్చుకోవలసి వస్తుంది. తన ఇష్టం ఏమిటో ఇంకా తెలియని వయస్సులో చేసిన ఆ ఎంపిక తర్వాతి ఆరేళ్లను శాసిస్తుంది. వైద్యమా, న్యాయశాస్త్రమా, సాహిత్యమా అన్న సందేహం ఇంకా తీరని పిల్లలకు ఇంటర్ మేలు, ఎందుకంటే అది అన్నివైపులా దారులు తెరిచి ఉంచుతుంది. రెండోది గణితం. ఇంటర్ ఎంపీసీలో రెండేళ్లపాటు కలన గణితం, బీజగణితం, రేఖాగణితం లోతుగా నేర్పుతారు. డిప్లొమాలో గణితం ఇంజనీరింగ్ అవసరాల మేరకే ఉంటుంది. లేటరల్ ఎంట్రీ విద్యార్థి బీటెక్ మొదటి ఏడాది గణిత పాఠాలు వినకుండా నేరుగా రెండో ఏడాది తరగతిలో కూర్చుంటాడు గనుక, ప్రయోగశాలలోనూ డ్రాయింగులోనూ తోటివారికన్నా చురుగ్గా ఉండి కూడా, గణితం మీద ఆధారపడిన పాఠాల్లో మొదటి ఆరు నెలలు తడబడటం సహజం. ఈసెట్ ఫలితం వచ్చినప్పటి నుంచి తరగతులు మొదలయ్యేదాకా ఉండే ఖాళీ సమయంలో మొదటి ఏడాది గణిత పుస్తకాన్ని చదివినవారు ఈ ఇబ్బందిని చాలావరకు దాటుతారు. మూడోది, పాలిటెక్నిక్‌లన్నీ ఒకేలా ఉండవు. యంత్రాలు పాడై ఉన్న, అధ్యాపకుల ఖాళీలు నిండని కళాశాలలో మూడేళ్లు గడిపిన డిప్లొమాకు ఉద్యోగాల విపణిలో విలువ తక్కువే. చేరేముందు ప్రయోగశాలలోకి వెళ్లి చూడటం వివరణ పుస్తకం చదవడం కన్నా మంచిది.

పాలిటెక్నిక్‌కు కూడా కింద ఇంకో మెట్టు ఉంది. పదో తరగతి తర్వాత ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి రెండేళ్ల వృత్తి కోర్సులు నేర్పే ఐటీఐలకు తెలుగు కుటుంబాల్లో దక్కవలసిన గౌరవం దక్కలేదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ఐటీఐ అర్హత సరిపోతుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. రెండేళ్ల ఐటీఐ మంచి మార్కులతో పూర్తిచేసి, నిర్ణీత బ్రిడ్జి కోర్సు ముగించినవారు ఎల్‌పీసెట్ అనే పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. అక్కడి నుంచి ఈసెట్ మీదుగా బీటెక్‌కు పోవచ్చు. అంటే ఐటీఐలో మొదలుపెట్టిన విద్యార్థి ఇంజనీరు కావడానికి ప్రతి మెట్టు దగ్గరా ప్రభుత్వం పెట్టిన పరీక్ష, దాని వెంట ప్రవేశం ఉన్నాయి. ఇంత పూర్తిగా అమరిన నిచ్చెన గురించి ఉన్నత పాఠశాలల్లో ఒక్క గంట కూడా చెప్పకపోవడం బాధాకరం. 2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి మల్లేపల్లితో సహా 65 ఐటీఐలను ఆధునిక యంత్రాలున్న అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది గనుక, పాత అభిప్రాయాలను పక్కనపెట్టి ఆ కేంద్రాలను మళ్లీ చూసి రావడం అవసరం.

శంషాబాద్‌కు పక్కనే ఉన్న రాజేంద్రనగర్ మరో రకం ఉదాహరణ ఇస్తుంది. అక్కడి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్సీ అగ్రికల్చర్ వంటి నాలుగేళ్ల పట్టాలతోపాటు, తన పాలిటెక్నిక్‌ల ద్వారా పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా కూడా ఇస్తుంది. ఈ డిప్లొమా చదివినవారికి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరడానికి అగ్రిసెట్ అనే ప్రత్యేక పరీక్ష ఉంది. విత్తన కంపెనీల్లో, పురుగుమందుల దుకాణాల్లో, రైతులకు సలహాలిచ్చే సంస్థల్లో పనికివచ్చే ఈ డిప్లొమా ఒకే విశ్వవిద్యాలయపు గొడుగు కింద చిన్న చదువు, పెద్ద చదువు రెండూ నడవగలవని చూపుతుంది. అమెరికాలో రెండు వేర్వేరు సంస్థల మధ్య ఒప్పందంతో సాధించే పని ఇక్కడ ఒకే సంస్థ లోపల జరుగుతోంది.

ఇంటర్ తర్వాత ఎదురయ్యే ఎంపిక కొంచెం భిన్నమైనది. డిగ్రీ కళాశాలా, విశ్వవిద్యాలయమా అన్న ప్రశ్న అడిగేవారు ముందుగా అనుబంధం అనే ఏర్పాటును అర్థం చేసుకోవాలి. భారతదేశంలో అత్యధిక విద్యార్థులు డిగ్రీ చదివేది విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కాదు, దానికి అనుబంధంగా ఉన్న కళాశాలల్లో. పాఠాలు కళాశాల చెబుతుంది, పట్టా విశ్వవిద్యాలయం ఇస్తుంది. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనున్న ప్రభుత్వ సిటీ కళాశాలలో బీఎస్సీ చదివినవారి పట్టా మీద ఉండేది 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరే. ఆ పట్టాతో సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాసి ఉస్మానియా ప్రాంగణంలో ఎమ్మెస్సీ, ఎమ్మే చదవవచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర సీటు కోసమూ పోటీపడవచ్చు. గణితం ఉన్న బీఎస్సీ పట్టభద్రులకు ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరే అవకాశం కూడా ఉంది. ఈ డిగ్రీ సీట్లలో ఎక్కువ భాగం 2016 నుంచి దోస్త్ అనే ఒకే ఆన్‌లైన్ విధానంలో భర్తీ అవుతున్నాయి గనుక, కళాశాల కళాశాలకూ తిరగవలసిన పని లేదు.

ప్రైవేటు విశ్వవిద్యాలయం వేరు. తెలంగాణ శాసనసభ 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం చేశాక, 2020లో మొదటి విడతగా మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్సార్ విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. ఇవి తమ పాఠ్యప్రణాళిక తామే రాసుకుని, తమ పట్టా తామే ఇస్తాయి. కొత్త కోర్సులు త్వరగా తేగలగడం, పరిశ్రమలతో సంబంధాలు, చక్కని ప్రాంగణం వీటి బలాలు. రుసుము మాత్రం అనుబంధ కళాశాలల కన్నా చాలా ఎక్కువ, పైగా అనుబంధ కళాశాలలోని కన్వీనర్ సీటుకు వర్తించే బోధన రుసుముల చెల్లింపు పథకం ఇక్కడి సీట్లకు వర్తించదు. విశ్వవిద్యాలయం అన్న మాటకు ఉన్న బరువును చూసి, నాలుగేళ్ల ఖర్చును ముందుగా కాగితం మీద వేసుకోకుండా చేరిన కుటుంబాలు రెండో ఏడాది నుంచే అప్పులవైపు చూడవలసి వస్తుంది.

డబ్బు విషయం ఇంకొంత వివరంగా చూడాలి, ఎందుకంటే శంషాబాద్ పరిసరాల్లోని చాలా కుటుంబాలకు నిర్ణయం ఇక్కడే తేలుతుంది. కన్వీనర్ కోటాలో బీటెక్ రుసుము కళాశాలను బట్టి ఏడాదికి 45 వేల రూపాయల నుంచి లక్షన్నర దాటి ఉంటుంది. వార్షికాదాయం పరిమితిలో ఉన్న వెనుకబడిన తరగతులు, ఆర్థికంగా వెనుకబడినవారి విషయంలో ఈఏపీసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే ప్రభుత్వం పూర్తి రుసుము భరిస్తుంది. ఆ ర్యాంకు దాటితే ఏడాదికి 35 వేల వరకే ఇస్తుంది. లక్ష రూపాయల రుసుమున్న కళాశాలలో చేరితే మిగిలిన 65 వేలు కుటుంబమే కట్టాలి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఈ సాయం లేనే లేదు. ప్రభుత్వం చెల్లించవలసిన బకాయిలు ఆలస్యమైనప్పుడు కొన్ని కళాశాలలు విద్యార్థినే కట్టమనడం, కట్టేదాకా ధ్రువపత్రాలు ఇవ్వబోమనడం ఏటా జరుగుతూనే ఉంది. అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోవడం తగదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి తెలిసిన తల్లిదండ్రులు గట్టిగా అడగగలుగుతారు.

విమానాశ్రయం పక్కనే ఉండటం వల్ల ఈ ప్రాంతపు విద్యార్థులను ప్రత్యేకంగా ఆకర్షించే చదువులు మరికొన్ని ఉన్నాయి, వీటిలోనే మోసపోయే అవకాశమూ ఎక్కువ. విమానాన్ని మరమ్మతు చేసి, అది ఎగరడానికి యోగ్యమని సంతకం చేసే అధికారం పౌర విమానయాన డైరెక్టరేట్ ఇచ్చే లైసెన్సు ఉన్నవారికే ఉంటుంది. ఆ లైసెన్సు కోసం ఇంటర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు గాని, ఇంజనీరింగ్ డిప్లొమా గాని ఉండి, డైరెక్టరేట్ గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది, డైరెక్టరేట్ పరీక్షలు నెగ్గి, నిర్ణీత కాలం విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ ఎంత మంచి కళాశాలలో చదివినా అది లైసెన్సు కాదు. లైసెన్సు ఉన్నంత మాత్రాన అది విశ్వవిద్యాలయ పట్టా కూడా కాదు. మొదటిది విమానాన్ని రూపకల్పన చేసే విద్య, రెండోది దాన్ని సురక్షితంగా నడిచేలా ఉంచే విద్య. ఈ తేడా తెలియకుండా చేరినవారు మూడో ఏడాదిలో నిరాశపడతారు.

ఇక ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్, గ్రౌండ్ స్టాఫ్ శిక్షణ అంటూ ఆరు నెలల కోర్సులకు పెద్ద మొత్తాలు వసూలు చేసే సంస్థలు నగరంలో చాలా ఉన్నాయి. వాటి ధ్రువపత్రానికి ఏ విశ్వవిద్యాలయంలోనూ క్రెడిట్ దొరకకపోతే, ఏ ప్రభుత్వ నైపుణ్య సంస్థ గుర్తింపూ లేకపోతే, అది ముందుకు దారి లేని చదువు. తక్కువ కాలంలో పని నేర్చుకోవలసిన అవసరమున్న యువతకు విమానాశ్రయ ప్రాంతంలోనే జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ ఉచిత వృత్తి శిక్షణ కేంద్రాన్ని నడుపుతోంది. డబ్బు పోసి తెలియని ధ్రువపత్రం కొనుక్కునేముందు అక్కడ విచారించడం తెలివైన పని. పట్టా కూడా కావాలనుకునేవారికి, బీబీఏ లాజిస్టిక్స్ వంటి కోర్సుల్లో చదువుతూనే పరిశ్రమలో అప్రెంటిస్‌గా, అంటే భృతి తీసుకుంటూ పని నేర్చుకునే శిక్షణార్థిగా, కొంతకాలం గడిపే వీలుంది. గిడ్డంగులూ సరుకు విమానాలూ ఇంటి పక్కనే ఉన్న శంషాబాద్ విద్యార్థికి ఇది నగరంలోని ఏ విద్యార్థికన్నా ఎక్కువ ఉపయోగపడవలసిన చదువు. రంగారెడ్డి జిల్లాలోనే కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో 2024 ఆగస్టులో శంకుస్థాపన జరిగిన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ కూడా ఇలాంటి పని కేంద్రంగా ఉండే చదువుల కోసమే ఏర్పడింది.

2020 జాతీయ విద్యావిధానం ఈ దారులన్నిటినీ ఒకదానితో ఒకటి కలపాలని సంకల్పించింది. ఏడాది చదివి 40 క్రెడిట్లు సాధిస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు 80 క్రెడిట్లతో డిప్లొమా, మూడేళ్లకు 120తో డిగ్రీ, నాలుగేళ్లకు 160తో ఆనర్స్ అన్నది దాన్ని అనుసరించి రూపొందిన ప్రణాళిక. మధ్యలో ఆపి కొన్నేళ్ల తర్వాత తిరిగి వచ్చినవారి క్రెడిట్లు పోకుండా దాచడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పడింది. సర్టిఫికెట్, డిప్లొమాలతో మధ్యలో ఆపేవారికి కొంత వృత్తి శిక్షణ కూడా తప్పనిసరి. ఆలోచన మంచిదే గాని, ఏ కళాశాల ఎంత మేరకు అమలు చేస్తోందన్నది అక్కడికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. ఇంతకన్నా ఎంతో ముందే, 1982లో, హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలై, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి పట్టా అందిస్తోందన్న సంగతి ఈ సందర్భంలో మరవకూడదు.

ఏటా శంషాబాద్ నుంచి అమెరికాకు విమానమెక్కే తెలుగు విద్యార్థుల్లో ఎక్కువమంది బీటెక్ ముగించి ఎమ్మెస్‌కు వెళ్లేవారే. ఇంటర్ కాగానే అక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేర్పిస్తామని చెప్పేవారి మాట విన్న కుటుంబాలు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పైన చెప్పిన 46 డాలర్ల రుసుము కాలిఫోర్నియా నివాసులకు మాత్రమే. విదేశీ విద్యార్థి దానికి ఎన్నో రెట్లు చెల్లించాలి, నివాస ఖర్చులు అదనం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు అది పొదుపైన దారి; ఇక్కడి నుంచి అప్పు చేసి వెళ్లేవారికి మాసబ్ ట్యాంక్ పాలిటెక్నిక్ మీదుగా సాగే దారి సాటిలేనంత చవకైనది.

చివరిగా, శంషాబాద్ మండలంలోని ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. పదో తరగతి ఫలితాలు వచ్చాకే ఏ చదువన్నది ఆలోచించడం కుటుంబాల్లో అలవాటు. కానీ పాలిసెట్ దరఖాస్తు గడువు సాధారణంగా ఆ ఫలితాలు వెలువడేలోపే ముగుస్తుంది. దరఖాస్తు చేసినంత మాత్రాన పాలిటెక్నిక్‌లోనే చేరాలన్న నిర్బంధం లేదు, ఇంటర్ దారి మూసుకుపోదు. పరీక్షల హడావిడి ఉన్నా సరే, మార్చి, ఏప్రిల్ నెలల్లో తరగతిలోని ప్రతి విద్యార్థి చేతా ఆ దరఖాస్తు చేయించాలి.